తలుపు మీద ‘పుష్’ బదులు తెలుగులో ఏమి రాయాలి?

రంగులడబ్బా
శ్రీకాకుళంలో బోర్డులు రాసే పని నాది. కుంచె రోజులు పోయాయి, ఇప్పుడంతా స్టిక్కర్లు కోసే మిషన్ మీదే. పది రోజుల కిందట ఒక డాక్టర్ గారు కొత్త క్లినిక్‌కి అద్దాల తలుపులు పెట్టించారు. వచ్చేవాళ్ళంతా పల్లెల నుంచే వస్తారు, ‘పుష్’, ‘పుల్’ అన్న ఇంగ్లీషు అక్షరాలు వద్దు, తెలుగులో కావాలి అన్నారు. మంచి మాటే కదా అని ‘నెట్టండి’, ‘లాగండి’ అని కోసి అంటించాను. మరునాడే ఫోను. ‘నెట్టండి అంటే రోగిని బయటకు నెట్టినట్టు ఉందయ్యా, మార్చు’ అన్నారు. ‘తోయండి’ అని మార్చాను. ఆయన భార్య చూసి, ఎవరినో నూతిలోకి తోయమన్నట్టు ఉంది అన్నారట. ‘త్రోయుడు’ అని రాసి చూపిస్తే కాంపౌండరు పడీపడీ నవ్వాడు. గీకిన ప్రతిసారీ అద్దానికి జిగురు మరక, దానికి కిరోసిన్ గుడ్డ, ఆ వాసన పోయేదాకా నాకు అన్నం సహించదు. పుష్ అన్నదానికి తెలుగులో సరైన మాట ఏది? ఒక్కటి చెప్పండి చాలు.

ఆఖరి_బెంచీ
ఒక్కటి చెప్పమని ఇక్కడ అడిగారా! ఇక ఈ వారమంతా మీ పని ఇదే.

గంటస్తంభం
‘నొక్కండి’.

రంగులడబ్బా
నొక్కండి అని రాస్తే తలుపుకి మీట ఎక్కడ ఉందా అని వెతుకుతారు.

గంటస్తంభం
లిఫ్టులో, కాలింగ్ బెల్లు దగ్గర, ఫోనులో ‘తెలుగు కోసం ఒకటి నొక్కండి’ అన్నచోట, అన్నీ పుష్ కదా అని చెప్పాను. నా తప్పేమీ లేదు.

బొబ్బిలి_బడిపంతులు
ఒక్క మాట లేదు నాయనా. ముప్పై మూడేళ్ళు ఇంగ్లీషు చెప్పాను. ‘పుష్ అంటే తోయుట’ అని నల్లబల్ల మీద రాసి చేతులు దులుపుకొన్నవాణ్ణే. ఒక ఏడాది పరీక్ష పేపర్లు దిద్దుతుంటే ఒక కుర్రవాడి అనువాదం కనిపించింది: ‘అతడు గంటను తోసెను, సేవకుడు వచ్చెను.’ అది గోడకు ఉండే బెల్లు. తప్పు వాడిది కాదు, నాది.

ఇంగ్లీషువాడు తనవైపు నుంచి అవతలికి బలం పెట్టాడంటే అది పుష్. ఎదుట ఉన్నది కదిలిందా, లోపలికి దిగిందా, అది మనిషా, బండా, గుండీయా అని ఆ మాట పట్టించుకోదు. మన మాటలు ముందు ఆ సంగతే అడుగుతాయి. కదిలేదాన్ని తోస్తాం. మొరాయించేదాన్ని నెడతాం. కదలకుండా లోపలికి దిగేదైతే నొక్కుతాం. మెత్తనిదైతే ఒత్తుతాం. పైకి లేవబోయేదాన్ని అదుముతాం, పట్టని సంచిలోకి కుక్కుతాం, పక్కవాడు కాస్త చోటివ్వాలంటే జరుపుతాం. మనిషి మీద కోపం వస్తే గెంటుతాం. గెంటడంలో చేతి బలం కన్నా నోటి బలం ఎక్కువ.

పుష్ అన్నది ఇంగ్లీషు గడ్డ మీద పుట్టిన మాట కూడా కాదు. ఫ్రెంచి నుంచి తెచ్చుకున్నారు. దాని వెనక లాటిన్‌లో ‘పుల్సారే’ ఉంది, కొట్టడం, తోయడం అని అర్థం. మీ డాక్టర్ గారు చెయ్యి పట్టి చూసే పల్స్ ఉందే, అదీ ఆ కుదురులోనిదే. గుండె రక్తాన్ని తోస్తే నాడి కొట్టుకుంటుంది కదా. ఓడను నడిపే ప్రొపెల్లర్ దీనికి దూరపు చుట్టం. ‘షవ్’ మాత్రం వాళ్ళ పాత సొత్తు. మన గెంటడానికి దగ్గరి మాట అదే. మట్టి ఎత్తే పారకు వాళ్ళు పెట్టుకున్న షవెల్ అనే పేరు కూడా అందులోంచి వచ్చిందే.

ఆఖరి_బెంచీ
జేబులోది నొక్కేస్తాం. అది మరిచారు మాస్టారూ.

బొబ్బిలి_బడిపంతులు
నొక్కేయడం పుష్ కాదు, దొంగతనం. కానీ నొక్కి చెప్పడం ఉంది. జుట్టుకు నొక్కులూ ఉన్నాయి. నీ జుట్టు సంగతి నాకు తెలియదు.

కాన్పుగది_సిస్టర్
మాస్టారి జాబితాలో ఒక పెద్ద పుష్ లేదు. మగవాళ్ళకు ఎలాగూ గుర్తు రాదు.

ఇరవై రెండేళ్ళుగా కాన్పు గదుల్లో పని చేస్తున్నాను. ఒకప్పుడు మా దగ్గరికి వేరే రాష్ట్రం నుంచి ఒక జూనియర్ డాక్టరమ్మ వచ్చింది. చాలా మంచి పిల్ల. ఒక చిన్న పుస్తకంలో తెలుగు మాటలు తన భాషలో రాసుకొని జేబులో పెట్టుకొనేది. నొప్పి ఎక్కడ, ఊపిరి తీయండి, పడుకోండి, ఇలాంటివి. ఒక రాత్రి సాలూరు వైపు నుంచి తొలి కాన్పు అమ్మాయి వచ్చింది. బిడ్డ తల కనిపిస్తోంది. మా డాక్టరమ్మ పుస్తకంలో చూసి ‘తోయండి! తోయండి!’ అని అరిచింది. ఆ అమ్మాయి నొప్పిలో ఒక్క క్షణం బిత్తరపోయి చూసి, పక్కన ఉన్న నా భుజం మీద రెండు చేతులూ వేసి తోసింది. నేను వెళ్ళి ట్రే మీద పడ్డాను. కత్తెరలు, దూది, అన్నీ నేల మీదే.

అక్కడ మనం అనే మాట ‘ముక్కు’. గడ్డం ఛాతీకి ఆనించి, ఊపిరి బిగబట్టి, విరేచనానికి ముక్కినట్టు కిందికి ముక్కమ్మా అని చెబుతాం. లేచి ఆ మాటే అన్నాను, మూడు నొప్పుల్లో బిడ్డ బయటపడ్డాడు. మరునాడు ఇంకో కాన్పులో డాక్టరమ్మ ఎంతో ఉత్సాహంగా ‘ముక్కు, ముక్కు’ అంటూ తన ముక్కు చూపించింది. తెల్లవారుజామున నేర్పించినప్పుడు నేను విడమరిచి చెప్పలేదు మరి.

నూలుకండె
నవ్వలేక చస్తున్నాను సిస్టర్ గారూ. నూలు తెగిపోయింది.

గంటస్తంభం
రంగులడబ్బా గారూ, పొరపాటున కూడా ‘ముక్కండి’ అని అంటించకండి.

రంగులడబ్బా
ఆ డాక్టర్ గారు ఎముకల వైద్యులు. ఇంతకీ తలుపు సంగతి ఎవరూ చెప్పలేదు.

న్యూటన్_మేనల్లుడు
హైస్కూలులో భౌతికశాస్త్రం చెబుతాను. బలం పాఠం మొదలు పెట్టేది ‘నెట్టడం, లాగడం’ అనే మాటలతోనే. కాబట్టి ‘నెట్టండి’ సరైన మాట. ఇందులో నాకు అనుమానం లేదు. తోయడం అంటే ఒక్కసారి బలం పెట్టి చెయ్యి తీసేయడం, నూతిలోకి తోసినట్టు. నెట్టడం అంటే వస్తువు వెంట చెయ్యి కూడా వెళ్ళడం. చార్జింగు అయిపోయిన కారును నెడతాం, తోయం. అద్దాల తలుపుకి దానిని ఆపే స్ప్రింగు ఉంటుంది, మనిషి దాటేదాకా చెయ్యి తీయకూడదు. కనుక నెట్టడమే.

భావనపాడు_అల
సార్, మీరు చెప్పింది నేల మీద సరిపోతుందేమో గాని మా ఒడ్డున సరిపోదు. తెప్పను ఎవరూ నెట్టరు. తోస్తారు. అది ఒక్కసారిలో అయ్యే పనా? ఎనిమిది మంది అటూ ఇటూ నిలబడి, భుజం తెప్ప అంచుకి ఆనించి, కాళ్ళు ఇసుకలో పాతుకొని ఉంటాం. అల వచ్చి అడుగున ఇసుకను మెత్తబరిచిన క్షణం చూసి అందరూ ఒకే ఊపిరిలో బలం పెట్టాలి. అల వెనక్కి పోయిందా, ఎంతమంది పట్టినా తెప్ప కదలదు. మళ్ళీ అల కోసం ఆగాలి. అలా ఆగి ఆగి తోస్తే నడుములోతు నీళ్ళకు చేరుతుంది. అప్పుడు ఇద్దరు ఎక్కుతారు, మిగిలినవాళ్ళు ఇంకా తోస్తూనే ఉంటారు. చెయ్యి తీసేసేది తెప్ప తేలాకే. ఇప్పుడు ఫైబరు బోట్లు, ఇంజన్లు వచ్చినా ఒడ్డు దగ్గర ఈ పని తప్పలేదు. నా కుడి భుజం మీద కాయ ఉంది, అది తోసి వచ్చిందే.

న్యూటన్_మేనల్లుడు
సరే, తెప్ప విషయంలో ఓడిపోయాను. తోపుడు బండిని కూడా నెట్టుడు బండి అని ఎవరూ అనరని ఇప్పుడే గుర్తుకొచ్చింది. మీరు ఆ మాట అనకముందే నేనే చెప్పేస్తున్నాను.

జీడిపిక్క_పలాస
మా వైపు తోపు అంటే జీడి తోపు. అక్కడ ఎవరూ ఎవరినీ తోయరు, చెట్ల కింద పిక్కలు ఏరుకుంటారు.

ఆఖరి_బెంచీ
నాకు ఏమీ తోచడం లేదు. తోస్తే చెబుతాను.

బొబ్బిలి_బడిపంతులు
తోచడం వేరు, తోయడం వేరు. కానీ ‘తోస్తే’ దగ్గరికి వచ్చేసరికి రెండూ ఒకటైపోతాయి. నీలాంటివాడి కోసమే పెట్టారు.

నాగావళి_గట్టు
మొదటి పోస్టులో ‘త్రోయుడు’ అన్నారు కదా, దాని గురించి ఒక మాట. గిడుగు రామమూర్తి గారు 1863లో శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టారు. శిష్టులు నోటితో మాట్లాడే తెలుగే రాతలోనూ ఉండాలని జీవితమంతా పోరాడిన మనిషి. ఆయన జిల్లాలో, ఏడు రోడ్ల కూడలికి కూతవేటు దూరంలో, ఎముక విరిగి వచ్చినవాడికి ‘త్రోయుడు’ అని గ్రాంథికంలో ఆజ్ఞ ఇవ్వడమా? నవ్విన కాంపౌండరుకు నా నమస్కారం చెప్పండి.

అయితే ఆ ‘త్రో’ పూర్తిగా పోయిందనుకోకండి. కోర్టు ఒక వాదనను ‘త్రోసిపుచ్చింది’ అని పత్రికలు ఇప్పటికీ రాస్తాయి. చదరంగం బల్ల మీది ‘తోసిరాజు’ కూడా మాటల్లో బతికే ఉంది, పెద్దల మాటను తోసిరాజన్నాడు అంటాం.

కట్టెలపొయ్యి
మా అమ్మమ్మ పొయ్యి ముందు కూర్చొని రోజుకు ముప్పైసార్లు అనే మాట ‘ఎగదొయ్యి’. కట్టె కొన కాలిపోయాక మిగిలింది లోపలికి తోయాలి కదా, అది. బయట అరుగు మీద ఇద్దరు తగువులాడుకుంటుంటే మూడోవాడు వచ్చి ఒక మాట వదిలితే దానికీ అదే మాట, ‘వీడొకడు ఎగదోయడానికి వచ్చాడు.’ గ్యాసు పొయ్యి వచ్చాక కట్టె పోయింది. ఎగదోసేవాళ్ళు మాత్రం అలాగే ఉన్నారు, ఈ చర్చలో కూడా ఒకరిద్దరు కనిపిస్తున్నారు.

ఆఖరి_బెంచీ
నన్నే అన్నారు.

మెట్టు_మీద_వేలు
విజయనగరం సంగీత కళాశాలలో వీణ నేర్చుకున్నాను. 1919లో మొదలైన కళాశాల, ఆదిభట్ల నారాయణదాసు గారు తొలి అధ్యక్షులు. నొక్కడం గురించి నా చిన్న మాట. కుడి చేత్తో మీటుతాం, ఎడమ చేతి వేలితో మెట్టు మీద తీగను నొక్కుతాం. మొదటి ఆరు నెలలు నేను నొక్కింది నొక్కడం కాదు, వేలు కోసుకోవడం. బలం ఎక్కువైతే స్వరం పైకి తప్పుతుంది, తక్కువైతే తీగ మెట్టుకు ఆనక బుసబుసమంటుంది. స్వరాన్ని ఊపి పలికించే గమకాల్లో ‘నొక్కు’ అని ఒక గమకమే ఉంది, పై స్వరం నుంచి ఒత్తి దిగడం. దీన్ని పుష్ అంటే మా మాస్టారు వీణ పక్కన పెట్టి లేచి వెళ్ళిపోతారు.

నూలుకండె
ఒత్తడం సంగతి నేను చెబుతాను, పొందూరు మాది. వాలుగ చేప దవడ పళ్ళతో పత్తి దువ్వుతారని అందరూ విన్నారు, తరువాత ఏమి చేస్తారో ఎవరూ అడగరు. దువ్విన పత్తిని చెక్క పలక మీద పెట్టి, సన్నని ఇనుప కడ్డీని రెండు అరచేతులతో ఒత్తుతూ దొర్లించాలి. గింజ జారిపోతుంది, దూది మిగులుతుంది. గట్టిగా నొక్కితే గింజ చితికి దూదికి మరక అంటుతుంది. వదులుగా పట్టితే గింజ కదలదు. మా అత్తగారు కళ్ళు మూసుకొని చేసేవారు. నేను చేస్తే ఇప్పటికీ ‘ఒత్తమంటే తొక్కుతున్నావేమిటి’ అంటారు.

గంటస్తంభం
తొక్కడం గుర్తు చేశారు. సిరిమాను, అంటే పూజారిని కూర్చోబెట్టి ఊరేగించే పొడవాటి మాను, చూడటానికి దసరా తరువాతి మంగళవారం మా ఊరు విజయనగరం రండి. పైడితల్లమ్మ గుడి నుంచి కోట దాకా సిరిమాను మూడుసార్లు తిరుగుతుంది. ఆ జనంలో ఎవరూ ఎవరినీ తోయరు, అందరూ తోసుకుంటారు. ఆ ‘కొను’ చేరిందంటే నేరం ఎవరి మీదా ఉండదు. చిన్నప్పుడు ఒకసారి నా కాళ్ళు నేలకు ఆనకుండానే పదడుగులు వెళ్ళాను. చెప్పు ఒకటి పోయింది. ఇంటికి వచ్చాక తెలిసింది, రెండో చెప్పు కూడా నాది కాదని.

ఇంటినుంచే_కొలువు
మా ఆఫీసులో ‘మీటింగు పుష్ చేశాం’ అంటారు. ఆలస్యం చేశారని అర్థం. తెలుగులో ‘ముందుకు జరిపారు’ అంటే సగం మందికి తొందరగా అని, సగం మందికి ఆలస్యంగా అని. మా అక్క పెళ్ళప్పుడు ముహూర్తం ఆలస్యమైంది, నాన్న అందరికీ ఫోను చేసి ‘నాలుగు రోజులు ముందుకు జరిగింది’ అని చెప్పారు. టెక్కలి మామయ్య నాలుగు రోజులు ముందే లెక్క కట్టుకొని పిల్లాపాపలతో దిగిపోయాడు. పందిరి కూడా వేయలేదు. మొత్తం ఎనిమిది రోజులు ఉన్నారు, పనులన్నీ ఆయనే చేశాడు, అది వేరే సంగతి.

బొబ్బిలి_బడిపంతులు
‘వాయిదా వేశాం’ అని ఉంటే ఆ గొడవ లేదు. కానీ అప్పుడు ఎనిమిది రోజులు పని చేసే మామయ్య దొరికేవాడు కాదు.

రాజాం_అమ్మ
నా ప్రశ్న వేరు. మా అబ్బాయి ఇంటర్ చదువుతున్నాడు. వాడి కళాశాలలో తల్లిదండ్రులను పిలిచి ‘మీరు ఇంకా పుష్ చేయాలమ్మా’ అన్నారు. ఇంటికి వచ్చి ఆలోచించాను, నేను చేయవలసింది ఏమిటి? వెన్ను తట్టడమా, వెంటబడటమా, ఒత్తిడి పెట్టడమా, బలవంతం చేయడమా? తెలుగులో చెప్పి ఉంటే వాళ్ళకు కూడా ఏదో ఒకటి ఎంచుకోవలసి వచ్చేది. ఇంగ్లీషు మాటతో చల్లగా తప్పించుకున్నారు.

బొబ్బిలి_బడిపంతులు
తల్లీ, ఇంత చర్చలో అసలైన మాట మీరు అన్నారు. దున్నేటప్పుడు ఎద్దును అదిలించడం ఒకటి, ములుగర్రతో పొడవడం ఒకటి. ఇంగ్లీషులో కూడా ‘ప్రాడ్’ అంటే ఆ పొడుపే, ‘నడ్జ్’ అంటే మోచేత్తో మెల్లగా తట్టడం. వాళ్ళకూ ఇన్ని మాటలు ఉన్నాయి. మీకు మాత్రం అన్నిటినీ కలిపి పుష్ అనే ఒక్క మూట ఇచ్చి పంపారు. మళ్ళీ పిలిచినప్పుడు ‘ఏ పుష్ అండీ’ అని అడగండి.

రాజాం_అమ్మ
అడుగుతాను. వాడికి రాత్రి పదకొండు దాటితే దీపం ఆపేయడం మొదలుపెట్టాను. అది కూడా ఒక పుష్ అనుకుంటున్నాను, మంచం వైపు.

పెంకుటిల్లు
రంగులడబ్బా తమ్ముడూ, నీ ప్రశ్నకు నేను వస్తాను. మన పాత ఇళ్ళకు రెండు రెక్కల తలుపులు. రెండూ లోపలికే తెరుచుకుంటాయి, గడియ లోపలే. బయట ఉన్నవాడు ఎప్పుడైనా తోయవలసిందే, లోపల ఉన్నవాడు లాగవలసిందే. అందుకే ఆ మాట ఎవరూ అనవలసిన అవసరం రాలేదు. ‘తలుపు తీయి’, ‘తలుపు వేయి’, ఈ రెండే. అసలు మన ఇళ్ళకు పిలవకుండా వచ్చినవాణ్ణే ‘తలుపు తోసుకొని వచ్చాడు’ అంటాం. ఆ డాక్టర్ గారి భార్యకు ఆ మాట ఎందుకు గుచ్చుకుందో నాకు అర్థమైంది. రోగిని తోసుకొని రమ్మన్నట్టు ఉంది కదా మరి.

రంగులడబ్బా
అన్నా, ఇది ఎవరూ చెప్పలేదు. అయితే ‘తలుపు తీయండి’ అని రాయమంటారా?

పెంకుటిల్లు
అలా రాస్తే బయట నిలబడి, లోపల ఎవరైనా తీస్తారేమో అని చూస్తారు. లేదా కొడతారు.

న్యూటన్_మేనల్లుడు
మాట ఏదైనా, అంటించేది ఎక్కడ? ఇప్పటిదాకా ఎక్కడ అంటించారు?

రంగులడబ్బా
అద్దానికి సరిగ్గా మధ్యలో, ఛాతీ ఎత్తున. అందంగా ఉంటుందని.

న్యూటన్_మేనల్లుడు
అక్కడే ఉంది చిక్కు. జనం అక్షరాల మీదే చెయ్యి వేసి తోస్తారు. కీలు నుంచి చెయ్యి ఎంత దూరంలో ఉంటే అంత తేలిక. మీటరు వెడల్పు తలుపును కొన దగ్గర తోస్తే ఎంత బలం కావాలో, మధ్యలో తోస్తే దానికి రెట్టింపు కావాలి. కీలు దగ్గర తోస్తే ఇక చెప్పనక్కరలేదు. విరిగిన చెయ్యితో వచ్చేవాడికి అది తేడాయే. పిడి ఉన్న అంచు దగ్గర అంటించండి.

కాన్పుగది_సిస్టర్
అద్దం అవతలి నుంచి ఎలా కనిపిస్తోంది? మా దగ్గర ఇదే గొడవ. ఒక వైపు అంటించింది రెండో వైపు తిరగబడి కనిపించేది, తెలిసీ తెలియక అందరూ రెండు వైపుల నుంచీ తోసేవాళ్ళు. ఒకసారి స్ట్రెచర్ చక్రం ఇరుక్కుంది.

రంగులడబ్బా
అది నాకు తెలుసండి, మధ్యలో తెల్ల పొర వేసి రెండు వైపులా వేరువేరుగా అంటిస్తాను. మాటే కుదరలేదు గాని పని మాత్రం పక్కాగా చేస్తాను.

నాగావళి_గట్టు
‘తోయండి’ అనే వేయండి. తోపుడు బండి, తోపులాట, తెప్ప తోయడం, అందరికీ అలవాటైన మాట. నెట్టండి కన్నా మెత్తన. డాక్టర్ గారి భార్యకు ఈ చర్చ చూపించండి.

భావనపాడు_అల
నా ఓటు కూడా తోయడానికే. భుజం మీద కాయ సాక్షి.

గంటస్తంభం
నొక్కండి అన్నది వెనక్కి తీసుకుంటున్నాను.

రంగులడబ్బా
(నాలుగు రోజుల తరువాత)
డాక్టర్ గారికి చూపించాను. సిస్టర్ గారి పోస్టు దగ్గర ఆగి చాలాసేపు నవ్వారు, తరువాత సరే అన్నారు. పిడి పక్కన, అంచుకు నాలుగు వేళ్ళ దూరంలో ‘తోయండి’ అంటించాను. లోపలి వైపు ‘లాగండి’. పని అయ్యాక ఎలా ఉంటుందో చూద్దామని ఎదురుగా టీ కొట్టు దగ్గర నిలబడ్డాను. మొదట వచ్చింది ఒక ముసలాయన, చేతికర్ర, మోకాలికి కట్టు. తలుపు ముందు ఆగి, ఒక్కొక్క అక్షరం కూడబలుక్కొని చదివి, వెనక్కి తిరిగి నన్ను చూసి అడిగాడు, ‘ఎవరిని బాబూ?’

పెంకుటిల్లు
‘తలుపు తోయండి’ అని రాసి ఉండవలసింది.

రంగులడబ్బా
అక్షరానికి ఇంత అని తీసుకుంటాను. డాక్టర్ గారు మూడు అక్షరాలకే బేరం ఆడారు.